నందివర్ధనం మీది కొమ్ము పురుగు: గుడ్డు నుంచి ఆకుపచ్చ రెక్కల దాకా ఇంట్లోనే పెంచి చూడటం ఎలా

నందివర్ధనం పూలు కోయడానికి వెళ్ళినప్పుడు కొమ్మ వంచేముందు ఒకసారి నేల చూడండి. రాత్రి ఊడ్చిన గచ్చు మీద తెల్లారేసరికి మిరియపు గింజల్లాంటి ముదురాకుపచ్చ ఉండలు పడి ఉన్నాయా? ఒకటి చేతిలోకి తీసుకుని దగ్గరగా చూస్తే నిలువుగా గాడులు తీసినట్టు ఉంటుంది. అవి పురుగు పెంటికలు. వాటికి నిట్టనిలువుగా పైన ఎక్కడో ఒక కొమ్మకి, వేలంత పురుగు తలకిందులుగా పట్టుకుని ఉంటుంది. దాన్ని చూడగానే మా సత్యనారాయణపురంలో ఎవరైనా చెప్పే మాట ఒకటే: "మందు కొట్టించండి."

కొట్టించకండి. అదే పురుగు ఇంకో నెలలోపు ఏమవుతుందో చూస్తే మీ ఇంటి ఆవరణలో ఇలాంటిది పుట్టిందా అనిపిస్తుంది. ఆ నెల రోజులూ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో, నేను చేసి నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను.

ముందు దీని పేరు సంగతి

మా వీధిలో దీనికి విడిగా పేరు లేదు. నేను గన్నేరు రెక్కల పురుగు అంటాను. శాస్త్రంలో డాఫ్నిస్ నేరీ. 1758లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టినప్పుడు స్ఫింక్స్ నేరీ అన్నాడు. నేరీ అంటే గన్నేరుది అని. గన్నేరు మొక్క శాస్త్రీయ నామం నీరియం. స్ఫింక్స్ అనే మాట ఎందుకంటే, ఈ కుటుంబం పురుగులు విశ్రాంతిగా ఉన్నప్పుడు ముందు భాగం పైకెత్తి, తల లోపలికి ముడుచుకుని, ఈజిప్టు శిల్పంలా కూర్చుంటాయి. ఆ కుటుంబాన్ని ఇప్పటికీ స్ఫింజిడే అనే పిలుస్తారు. ఆఫ్రికా, దక్షిణాసియా దీని సొంత నేల. వేసవిలో కొన్ని ఐరోపా దాకా ఎగిరి వెళ్తాయి. మనకి మాత్రం ఇది వలస వచ్చిన చుట్టం కాదు, ఇంటి మనిషే.

ఇలా రాత్రి తిరిగే రెక్కల పురుగుల్ని ఇంగ్లీషులో మాత్ అంటారు. నిఘంటువుల్లో మాత్‌కి చిమ్మట అని కనిపిస్తుంది. కానీ మనలో చాలామందికి చిమ్మట అంటే చెట్ల మీద గీపెట్టే పురుగే గుర్తొస్తుంది. గుంటూరు వైపు రైతుల మాట నాకు ఇంతకంటే సూటిగా అనిపిస్తుంది. ఆకు తినే దశలో ఉంటే లద్దె పురుగు, రెక్కలొస్తే రెక్కల పురుగు, గుడ్లు పెట్టేది తల్లి పురుగు. పత్తిలో గులాబీ రంగు పురుగు, మిరపలో పొగాకు లద్దె పురుగు, కంది మీద శనగపచ్చ పురుగు, ఇవన్నీ ఇలాంటి రెక్కల పురుగుల పిల్లలే. పంట పోగొట్టుకున్నవాళ్ళకి లద్దె పురుగంటే ఎందుకంత కోపమో నాకు తెలుసు. మా అమ్మమ్మగారిది తెనాలి దగ్గర పల్లె, పురుగు పట్టిన ఏడాది ఇంట్లో ఎలా ఉండేదో చిన్నప్పుడు చూశాను. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: గన్నేరు రెక్కల పురుగుకి కావలసింది గన్నేరు కుటుంబం మొక్కల ఆకు. మిరప, పత్తి చేల జోలికి అది పోదు.

మొదటి అడుగు: మొక్కని ఎంచుకోవడం

మన ఊళ్ళలో దీన్ని వెతకడానికి మంచి చోటు నందివర్ధనం. ముద్ద నందివర్ధనమైనా, రేకు నందివర్ధనమైనా ఒకటే. తర్వాత ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు. బిళ్ళ గన్నేరు మీద, కుండీల్లో పెంచుకునే అడీనియం మీద కూడా పెరుగుతుంది. ఏడాకుల పొన్న కూడా దీనికి తిండే, కానీ పెద్ద చెట్టు కాబట్టి పైన పురుగు మనకి కనిపించదు.

హైవే డివైడర్ల మీద పెంచే గన్నేరు వరసల్లో వెతకొద్దు. బండ్ల మధ్యకి వెళ్ళడం ప్రమాదం, పైగా ఆ ఆకుల మీద దుమ్ము, పొగ పేరుకుని ఉంటాయి. మీ ఇంట్లోనో, గుడి ఆవరణలోనో, పక్కింటివాళ్ళ గోడ వారనో ఉన్న మొక్క చాలు. మందు కొట్టి ఎన్నాళ్ళయిందో మాత్రం తప్పకుండా అడగండి. పోయిన నెల కొట్టామన్నా ఆ మొక్క వదిలెయ్యడం మేలు.

మా పెరట్లో వానలు మొదలయ్యాక, ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఎక్కువ కనిపిస్తాయి. మొక్క కొత్త చిగురు వేసినప్పుడే తల్లి పురుగు వస్తుంది కాబట్టి నెల కంటే చిగురే మంచి గుర్తు. రోహిణి కార్తెలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ ఎండకి డబ్బాలో పురుగు నిలవదు.

రెండో అడుగు: గుడ్డు వెతకడం

గుడ్డు చిన్న ఆవగింజంత ఉంటుంది. గుండ్రంగా, నున్నగా, లేతాకుపచ్చ రంగులో మెరుస్తుంది. లేత ఆకుల పైనా కిందా రెండు వైపులా చూడాలి. పొగాకు లద్దె పురుగు గుడ్లు వందల కొద్దీ ఒకేచోట, పైన నూగు కప్పినట్టు ఉండటం చేలల్లో చూసినవాళ్ళకి తెలుసు. దీని పద్ధతి వేరు. తల్లి పురుగు చీకటి పడ్డాక వచ్చి, ఆకు దగ్గర గాలిలో ఆడుతూ ఒక గుడ్డు అంటించి, ఇంకో కొమ్మకి పోతుంది. ఒక ఆకు మీద ఒకటే దొరికితే అది సహజం.

ఉదయం పూట, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఆకు వెనక నుంచి చూస్తే సులువుగా దొరుకుతుంది. దొరికిన ఆకుని కొమ్మతో సహా కత్తిరించండి. గుడ్డుని గోటితో ఊడదీయవద్దు. మూత ఉన్న చిన్న డబ్బాలో కాగితం పరిచి పెట్టండి. మన వాతావరణంలో 3 నుంచి 5 రోజుల్లో పిల్ల బయటికొస్తుంది.

గుడ్డు బొగ్గులా పూర్తిగా నల్లబడిపోతే అందులో మన పురుగు లేనట్టే. కంటికి ఆనీ ఆనని ట్రైకోగ్రామా కందిరీగ తన గుడ్డు అందులో పెట్టి ఉంటుంది. రైతులు చేలో ఆకులకి తగిలించే ట్రైకోగ్రామా కార్డుల మీద ఉండేవి ఇలా నల్లబడిన గుడ్లే. బాధపడి పారెయ్యకండి, మొక్క దగ్గరే వదిలెయ్యండి. దాని బతుకు దానిది.

మూడో అడుగు: వేరే పురుగు కాదని తేల్చుకోవడం

గుడ్డు దొరక్క నేరుగా పురుగే దొరికినవాళ్ళకి ఈ అడుగు ముఖ్యం. గన్నేరు మీద ఇంకో పురుగు కూడా పెరుగుతుంది. ఒంటి నిండా అడ్డ చారలు, వీపు మీద నాలుగు జతల నల్లని మెత్తని తీగల్లాంటివి ఉంటే అది కామన్ క్రో అనే నల్ల సీతాకోకచిలుక పిల్ల. దాని ప్యూపా (రెక్కలొచ్చేముందు మేత మానేసి పెంకులో ఉండే దశ) కొమ్మకి వేలాడుతూ అద్దంలా మెరుస్తుంది. అదీ పెంచదగ్గదే, కానీ దాని కథ వేరు.

కరివేపాకు మీదా నిమ్మ మీదా కనిపించే ఆకుపచ్చ పురుగుతోనూ చాలామంది పొరబడతారు. దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రని రెండు పాయల కొమ్ము బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. మన పురుగుకి కొమ్ము తోక దగ్గర ఉంటుంది, లోపలికి ముడవదు, వాసన రాదు. కొమ్ము మెత్తగా ఉంటుంది, కుట్టదు. పిల్లలు చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. ఒంటి మీద నూగు ఉండదు కాబట్టి దురద రాదు.

నాలుగో అడుగు: ఇల్లు కట్టడం

నేను మొదటిసారి మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెంచాను. లోపల చెమ్మ పట్టింది, పెంటికలకి బూజు వచ్చింది. చివరికి పురుగు రెక్కలతో బయటికొచ్చింది గానీ ఎక్కడానికి గరుకు గోడ లేక నున్నటి ప్లాస్టిక్ మీద జారి జారి పడిపోయింది. తడి రెక్కలు నలిగినట్టే ఆరిపోయాయి. ఆ పురుగు ఎగరలేదు. నాలుగు రోజులు బతికింది, నాలుగు రోజులూ సాయంత్రం కాగానే రెక్కలు కొట్టుకునేది. అది నా తప్పు. మీరు అలా చెయ్యకుండా ఉండాలనే ఈ భాగం విడిగా రాస్తున్నాను.

పసిపిల్లల మీద బోర్లించే గొడుగు దోమతెర ఉంటుంది చూడండి, అంతకంటే మంచి ఇల్లు దీనికి లేదు. గాలి ఆడుతుంది, గోడలన్నీ ఎక్కడానికి వీలుగా ఉంటాయి, చివరి రోజున రెక్కలు చాచుకోవడానికి చోటుంటుంది. కింద పాత దినపత్రిక పరవండి. ఒక చిన్న సీసాలో నీళ్ళు పోసి కొమ్మ గుచ్చండి. సీసా మూతి చుట్టూ దూది గట్టిగా కూరండి. ఇది మరిచిపోతే పురుగు కొమ్మ వెంట కిందికి దిగి నీళ్ళలో పడి చస్తుంది.

చీమల సంగతికి మన వంటింటి పద్ధతే. పీట కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టి, పీట మీద తెర ఉంచండి. బల్లి కోసం తెర అంచులు నేలకి ఆనేలా పుస్తకాలు బరువు పెట్టండి.

మన ఊళ్ళలో ఈ పురుగుకి అసలు గండం దోమల మందు. దోమల బిళ్ళ, ప్లగ్గుకి పెట్టే సీసా, చుట్ట, వీటిలో దోమని చంపే మందు దోమకీ రెక్కల పురుగుకీ తేడా చూడదు. తెర ఉన్న గదిలో అవేవీ వెలిగించకండి. వీధిలోకి పొగ మందు బండి వచ్చిన చప్పుడు వినగానే కిటికీలు మూసి, తెరని లోపలి గదిలోకి చేర్చండి. తర్వాత రెండు రోజులు బయటి ఆకు కోయవద్దు. ఒకసారి వీధిలో పొగ కొట్టిన మర్నాడు కోసిన ఆకు వేసి మూడు పురుగుల్ని పోగొట్టుకున్నాను. సాంబ్రాణి పొగ కూడా వాటికి దూరంగానే ఉంచండి.

ఒక తెరలో మూడు పురుగులకి మించి వద్దు. కిక్కిరిస్తే ఒకదాని రోగం అన్నిటికీ అంటుతుంది.

అయిదో అడుగు: మేత, కుబుసం

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. పసుపు పచ్చగా, తోక మీద ఒంటికి మించిన పొడుగు నల్ల కొమ్ముతో. మొదట తన గుడ్డు పెంకే తింటుంది. తర్వాత లేత ఆకు అంచు గీకుతుంది, తిన్నకొద్దీ పచ్చబడుతుంది. ఈ రోజుల్లో లేత చిగురు మాత్రమే వెయ్యండి. ముదురాకు దాని పళ్ళకి లొంగదు. దాన్ని వేలితో ఎత్తకండి, ఉన్న ఆకునే కత్తిరించి కొత్త కొమ్మ మీద ఆనించండి, అదే పాకుతుంది.

పుట్టినప్పటి నుంచి ప్యూపా దాకా పురుగు అయిదు దశలు దాటుతుంది. ఒక దశ నుంచి ఇంకో దశకి పోవాలంటే పాము వదిలినట్టే కుబుసం వదలాలి. అంతకుముందు దాదాపు ఒక రోజు తిండి మానేసి కదలకుండా ఉంటుంది. కొత్తగా పెంచేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పురుగు చచ్చిపోయిందనుకుని కదిలిస్తారు, లేదా కొమ్మ మార్చడానికి లాగుతారు. కుబుసం వదిలేముందు అది ఆకు మీద సన్నని దారం అల్లి, దానికి కాళ్ళు గుచ్చుకుని ఉంటుంది. ఆ పట్టు ఊడిపోతే పాత చర్మంలోంచి బయటికి రాలేక చచ్చిపోతుంది. కదలని పురుగుని కదిలించవద్దు. ఎండిన ఆకు మీద ఉన్నా సరే, ఆ ఆకుని అలాగే ఉండనివ్వండి.

రెండు మూడు కుబుసాల తర్వాత దాని రూపం మనం గుర్తుపట్టేలా తయారవుతుంది. ఒళ్ళంతా లేతాకుపచ్చ. పక్కల పొడవునా తెల్లని గీత, ఆ గీత చుట్టూ చిలకరించినట్టు తెలుపు, లేత నీలం చుక్కలు. తోక కొమ్ము పొట్టిదై పసుపు రంగుకి తిరుగుతుంది. తల వెనక రెండు వైపులా రెండు కళ్ళు: నీలం, మధ్యలో తెలుపు, చుట్టూ నల్లని అంచు. పక్కింటి పిన్నిగారు మొదటిసారి చూసి, "అదేంటమ్మా, నన్నే చూస్తోంది!" అని వెనక్కి తగ్గారు. అవి కళ్ళు కావు. అసలు కళ్ళు తల మీద ఒక్కో వైపు ఆరేసి చుక్కల్లా ఉంటాయి, వెలుతురూ చీకటీ పోల్చుకోవడానికి. ఈ నీలం కళ్ళు వట్టి రంగులు. పురుగు బెదిరినప్పుడు తల లోపలికి ముడిస్తే ఆ భాగం ఉబ్బి, రెండు మచ్చలూ పెద్దవై, చిన్న పాము పడగెత్తినట్టు కనిపిస్తుంది. పిట్ట ఒక్క క్షణం తటపటాయించినా చాలు. అయినా మా గోడ మీది జెముడుకాకి ఎప్పుడూ తటపటాయించినట్టు కనిపించలేదు.

కాళ్ళు లెక్కపెట్టండి, పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది. తల దగ్గర మూడు జతల సన్న కాళ్ళు. రెక్కలొచ్చాక మిగిలేవి ఇవే. నడుము కింద నాలుగు జతలు, తోకకి ఒక జత, ఇవి కండగల పట్టుకాళ్ళు. పక్కల వరసగా కనిపించే చుక్కలు ముక్కుల్లాంటివి, గాలి పీల్చేది వాటితోనే.

చివరి దశలో పురుగు 8 సెంటీమీటర్లు దాటుతుంది. అంతకుముందు దశలన్నిటిలో తిన్నదానికంటే ఈ ఒక్క దశలో తినేది ఎక్కువ. రోజుకి రెండుసార్లు కొమ్మ మార్చాలి. రాత్రి గది నిశ్శబ్దంగా ఉంటే ఆకు కొరికే చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు ముదురాకే ఇవ్వండి. నందివర్ధనంతో మొదలుపెడితే నందివర్ధనమే చివరిదాకా. మధ్యలో గన్నేరుకి మారిస్తే కొన్ని పురుగులు మేత మానేస్తాయి. ఆకు కడిగితే గుడ్డతో తుడిచి వెయ్యండి, తడి ఆకు తిన్న పురుగు పారుకుంటుంది. పెంటికలు పొడిగా, గట్టిగా ఉన్నంతవరకూ అంతా బాగున్నట్టు.

ఇన్ని ఆకులు పోతుంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. పూజకి పూలు లేవంటారు. నేను పిన్నిగారితో ఒప్పందం చేసుకున్నాను: ఆవిడ ఇంటి ముందున్న చెట్టు మీద కనిపించిన పురుగులన్నీ నేనే ఏరి మా పెరటి మొక్క మీదికి మారుస్తాను, ఆవిడ మందు కొట్టించరు. మోడయిన కొమ్మ కొద్ది వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది. ఆవిడ చెట్టు ఆ ఏడు కార్తీక సోమవారాలకి నిండుగా పూసింది.

చేతులు కడుక్కోవడం గురించి ఒక మాట. గన్నేరు మొక్క అంతా విషమే. ఆకులోని ఓలియాండ్రిన్ గుండె మీద పనిచేస్తుంది. పురుగు మాత్రం ఆ ఆకుని హాయిగా అరిగించుకుంటుంది. నందివర్ధనం పాలు కంట్లో పడితే మండుతాయి. ఆకు తుంచిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోండి. పసిపిల్లలకి ఆకు అందనివ్వకండి. ఈ పనికి వాడిన డబ్బా, కత్తెర వంటింట్లోకి తీసుకెళ్ళకండి.

పురుగు మెత్తబడి, తలకిందులుగా వేలాడి, నల్లగా కారిపోతే అది వైరస్ రోగం. శనగపచ్చ పురుగు మీద రైతులు కొట్టే ఎన్‌పీవీ ద్రావణం చేసేపనీ అదే. దాన్ని ఆకుతో సహా తీసి కాగితంలో చుట్టి పారేసి, మిగిలినవాటిని వేరే తెరలోకి మార్చండి.

ఆరో అడుగు: రంగు మారిన రోజు

గుడ్డు పగిలిన దగ్గర్నుంచి రెండు మూడు వారాలకి ఒక ఉదయం తెర ఎత్తితే లోపల ఎవరో పురుగుని మార్చేసినట్టు ఉంటుంది. వీపు ముదురు గోధుమరంగుకి, నేరేడు నలుపుకి తిరిగి ఉంటుంది. మేత ముట్టదు. కొమ్మ దిగి, కాగితం మీద గుండ్రంగా, ఆగకుండా తిరుగుతుంది. రోగం కాదు, మట్టిలోకి పోవడానికి చోటు వెతుక్కుంటోంది.

ఆ రోజు కోసం ముందే ఒక వెడల్పాటి తొట్టెలో రెండు అంగుళాల మట్టి, కొద్ది తేమతో, దాని మీద జానెడు మందాన ఎండుటాకులు పోసి ఉంచుకోండి. బాదం ఆకులైతే వంగి ఉంటాయి కాబట్టి కింద గూడులా చోటు మిగులుతుంది. పురుగుని ఆకుల మీద వదిలి, పైన పల్చటి గుడ్డ కప్పి, చీకటిగా ఉండే మూల పెట్టండి. ఆకుల మధ్య పలచని దారాలు అల్లుకుని అది ముడుచుకుంటుంది. పట్టుపురుగు కట్టే గట్టి గూడు లాంటిదేమీ ఉండదు.

వారం రోజులు తెరిచి చూడకండి. నాకు ఇదే అన్నిటికంటే కష్టమైన అడుగు.

ఏడో అడుగు: ప్యూపా

వారం తర్వాత ఆకులు ఒక్కొక్కటే తీయండి. మట్టిరంగు ప్యూపా, 6, 7 సెంటీమీటర్ల పొడవు, ఒక వైపు సన్నబడి ఉంటుంది. పక్కల నల్లని చుక్కలు, కడుపు వైపు మధ్యలో సన్నని నల్ల గీత. ఆ గీత వెంట లోపల నాలుక తయారవుతోంది. వేలు తగిలితే నడుము కింది భాగం టపటపా తిప్పుతుంది. బతికుందని తెలియడానికి అది చాలు, పదే పదే తాకవద్దు.

మట్టి మీద మెత్తని గుడ్డ పరిచి ప్యూపాని పక్కకి పడుకోబెట్టండి. రోజు విడిచి రోజు వేళ్ళు తడిపి రెండు చుక్కలు గుడ్డ మీద చిలకరించండి. పక్కనే గరుకు బెరడున్న కర్ర ఒకటి, తెర గోడకి ఆనించి నిలబెట్టండి. కర్ర కదలకూడదు. పైన ఒక జానెడు ఖాళీ ఉండాలి. నా మొదటి పురుగుకి లేనిది ఈ కర్రే.

పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే నేను తేదీ వేస్తాను. వానాకాలంలో రెండు వారాలు అటూ ఇటూగా పడుతుంది. చలికాలంలో ఇంకా ఆలస్యం కావచ్చు. కొన్నిసార్లు ప్యూపా పక్కన చిల్లు పడి, లోపలి నుంచి బియ్యపు పురుగుల్లాంటివి వస్తాయి. అవి టాకినిడ్ ఈగ పిల్లలు. లద్దె దశలోనే చర్మం మీద చిన్న తెల్ల గుడ్డు అంటుకుని ఉండి ఉంటుంది, మీ కంట పడి ఉండదు. బయట దొరికిన పెద్ద పురుగులకి ఇది ఎక్కువ. అందుకే గుడ్డు దశ నుంచి పెంచడం మంచిది.

ప్యూపా రంగు ముదిరి, పెంకు కింద రెక్కల మీది గీతలు లీలగా కనిపించడం మొదలైతే ఇక ఒకటి రెండు రోజులే.

ఎనిమిదో అడుగు: బయటికొచ్చే రాత్రి

ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తుంది. పెంకు తల వైపు పగిలి, తడి బొచ్చుతో, రెక్కలు ముడతలు పడిన చింకి గుడ్డల్లా వేలాడుతూ బయటికొచ్చి, గబగబా కర్ర ఎక్కుతుంది. అప్పుడు సాయం చెయ్యాలనిపిస్తుంది. చెయ్యి పెట్టకండి. తల పైకి, రెక్కలు కిందికి వేలాడదీసి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కిస్తుంది. అరగంట అటూ ఇటూగా రెక్కలు సాగి నున్నగా పరుచుకుంటాయి. గట్టిపడటానికి ఇంకో కొన్ని గంటలు కావాలి. మధ్యలో ఎర్రమట్టి నీళ్ళలాంటి ద్రవం కారుతుంది, రక్తమని కంగారు పడవద్దు. ప్యూపాలో మిగిలిన వ్యర్థం అది. టార్చి వెయ్యాలంటే గోడ మీద వేసి ఆ వెలుగులో చూడండి.

పొద్దున చూడండి. రెక్కలు చాస్తే 9 నుంచి 11 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు రెక్కలు వెనక్కి వాలి, కాగితంతో చేసిన విమానంలా ఉంటుంది. ముందు రెక్కల నిండా ఆకుపచ్చే, కానీ ఒక్క పచ్చ కాదు. పాచి పట్టిన బావి గట్టు రంగు, వేపాకు ముదురు, ఎండబోతున్న గడ్డి, ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయి పాలరాతి మీది చారల్లా ఉంటాయి. మధ్యలో లేత గులాబీ, తెలుపు పట్టీలు. రెక్క కొస వైపు వంకాయ రంగు నీడ. రెక్క మొదట్లో మీగడ రంగు మచ్చ, దానిలో ముదురాకుపచ్చ చుక్క, కన్నులా. తల వెనక బూడిదరంగు పట్టీ, మెడలో కండువా వేసినట్టు. వెనక రెక్కలు గోధుమరంగు, వాటి మీద తెల్లని అలల గీత. ఎగిరేదాకా అవి దాగే ఉంటాయి. ఒళ్ళు నూలు కండెలా మధ్యలో లావు, తోక వైపు సన్నం. దీన్ని నందివర్ధనం మీద వదిలితే నాలుగడుగుల దూరం నుంచి కనిపెట్టలేరు. పెరట్లో ఇది ఎప్పటి నుంచో ఉన్నా మనం చూడకపోవడానికి కారణం అదే.

సీతాకోకచిలుకకీ దీనికీ తేడా మీసాల్లో చూడండి. సీతాకోక మీసం చివర గుండుసూది తలలా ఉబ్బి ఉంటుంది. దీనిది లావుగా సాగి చివర కొక్కెంలా వంగుతుంది.

తొమ్మిదో అడుగు: వదలడం

పగలు వదిలితే కాకులు అందుకుంటాయి. ఆ రోజంతా తెరలోనే ఉంచి, దీపాలు పెట్టే వేళ దాటాక తెర ఎత్తండి. వాన పడుతుంటే మర్నాటికి ఆపండి. వీధి దీపానికి దూరంగా, పెరట్లో చీకటి ఉన్నచోట వదలండి, లేకపోతే దీపం చుట్టూ తిరిగి తిరిగి అలసి కింద పడుతుంది. దగ్గర్లో సన్నజాజో, రాధామనోహరమో పూసి ఉంటే ఇంకా మంచిది. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ, తర్వాత ఎరుపు అవుతుంది. దాని పొడవాటి కాడలోకి అందేది ఇలాంటి పొడుగు నాలుకే.

తెర ఎత్తగానే ఎగరదు. ముందు రెక్కలు సన్నగా వణికిస్తుంది, చలి జ్వరం వచ్చినట్టు. ఎగిరే కండరాలు వేడెక్కాలి. వణుకు పెరిగి పెరిగి ఝుమ్మనే చప్పుడవుతుంది. తర్వాత కర్ర మీద ఉండదు. అదృష్టముంటే పువ్వు ముందు తేనెపిట్టలా గాలిలో నిలబడి నాలుక చాపడం చూస్తారు. గంటైనా కదలకపోతే తెర తీసే ఉంచి లోపలికి వెళ్ళండి, ఆ రాత్రిలో అదే పోతుంది.

మర్నాడు తెరని సబ్బు నీళ్ళతో ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరెయ్యండి. మట్టి, ఆకులు మొక్క మొదట్లో పోసెయ్యండి. కర్ర కూడా ఎండబెట్టి దాచండి. వానాకాలమైతే ఈ సామాను అటక ఎక్కించకండి, పది రోజుల్లో మళ్ళీ గచ్చు మీద ఉండలు కనిపించొచ్చు.